తిరుగు దారి బరువు

శబరిమల బయల్దేరే స్వామి ఇరుముడి నెత్తిన పెట్టుకుంటాడు. ముందు ముడిలో దేవుడికి చెల్లించే నేతి కొబ్బరికాయ, వెనక ముడిలో తన దారి బత్తెం. నడిచేకొద్దీ బత్తెం తరుగుతుంది. కొండెక్కాక నెయ్యి అభిషేకానికి పోతుంది. తిరుగు దారిలో అరవణ డబ్బాలు తప్ప చెప్పుకోదగ్గ బరువేమీ ఉండదు. హిమాలయాలకో సహ్యాద్రికో ట్రెకింగ్‌కు వెళ్లేవాళ్ల సంచీ కథా ఇంతే. మొదటి రోజు భుజాలు లాగేస్తుంది, ఆఖరి రోజుకు అందులో ఉతకాల్సిన బట్టలే మిగులుతాయి.

వేటగాడి సంచి లెక్క తలకిందులు. అమెరికాలో మోంటానా, ఐడహో, కొలరాడో కొండల్లోకి ఎల్క్ వేటకు వెళ్లేవాడు గుడారం, పడక సంచి, స్టవ్వు, నాలుగు రోజుల తిండి కలిపి 20 కేజీలకు అటూ ఇటూగా వీపున వేసుకుని బయల్దేరతాడు. ఎల్క్ అంటే మన కణుజు కుటుంబంలోదే. ఎదిగిన మగది 300 కేజీలు తూగుతుంది. వేట ఫలించిందా, ఎముకలు తీసేసిన మాంసమే 90 నుంచి 110 కేజీలు. బండి ఆపిన చోటు ఎక్కడో ఏడెనిమిది కిలోమీటర్ల కింద. ముప్ఫయ్యేసి కేజీల చొప్పున మూడు నాలుగు విడతలు మొయ్యాలి. వాటిలో ఏదో ఒక విడతకు గుడారమూ పడకా కూడా తోడవుతాయి. మోసేవాడికే తెలుసు కావడి బరువు అంటాం. ఈ కావడిలో చాలా బరువు ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు లేనే లేదు.

అలాంటి సంచిని ఖాళీగా భుజాన తగిలించుకుని, దుకాణం అద్దంలో చూసుకుని కొంటారు చాలామంది. అది ఇవాళ్టి రూపానికి ఎలా వచ్చిందో ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే, ఏది కొనాలో ఏది వద్దో సగం అక్కడే తేలిపోతుంది. ఎందుకంటే ఈ చరిత్రంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: బరువు ఒంట్లో ఏ ఎముక మీద కూర్చోవాలి?

1991 సెప్టెంబరు 19న ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులో, ఆల్ప్స్ కొండల మీద 3,210 మీటర్ల ఎత్తున, దారి విడిచి నడుస్తున్న ఒక జర్మన్ దంపతులకు కరుగుతున్న మంచులో సగం బయటపడిన శవం కనిపించింది. ఈమధ్యే పోయిన పర్వతారోహకుడెవరో అనుకున్నారు. తీరా చూస్తే 5,300 ఏళ్ల నాటి మనిషి. ఓట్జీ అని పేరు పెట్టారు. ఆయన సామాను చూడండి: ఇంకా చెక్కడం పూర్తికాని యూ కర్ర విల్లు, 14 బాణాలున్న అమ్ములపొది, రాగి గొడ్డలి, నిప్పుకణికల్ని మేపుల్ ఆకుల్లో చుట్టి పెట్టుకోవడానికి భూర్జ చెట్టు బెరడుతో కుట్టిన డబ్బా. వాటి దగ్గర్లోనే గుర్రపు నాడాలా వంచిన హేజెల్ కర్ర, రెండు లార్చ్ చెక్క బద్దలు, తాళ్ల ముక్కలు దొరికాయి. అది వీపున సామాను కట్టుకునే చట్రమని పురావస్తువాళ్లలో ఎక్కువమంది మాట. మంచులో కూరుకుపోకుండా కాలికి కట్టుకునే పరికరమేమో అన్నవాళ్లూ ఉన్నారు. నాకు మొదటి మాటే నమ్మబుద్ధవుతుంది. చేతిలో విల్లు, వెంట నిప్పు పెట్టుకుని రోజుల తరబడి కొండల్లో తిరిగేవాడికి వీపు మీద ఏదో ఒక కట్టుబడి ఉండి తీరాలి. పాపం, పదేళ్ల తర్వాత తీసిన ఎక్స్‌రేలో ఆయన ఎడమ భుజంలో దిగిన బాణపు ములికి బయటపడింది. ఆ కొండ మీద ఎవరో ఆయన్నే వేటాడారు.

చట్రం అంత పాతదే అయినా, లోకంలో బరువులు మోసిన జనాల్లో చాలామంది దానికి భుజం ఇవ్వలేదు, నుదురు ఇచ్చారు. మన ఊళ్లలో నెత్తి మీద చుట్టకుదురు, దాని మీద గంప. నేపాల్లో వీపున డోకో బుట్ట, దాని అడుగు నుంచి నుదుటి మీదకు నామ్లో పట్టీ. ఉత్తర అమెరికా ఆదివాసులదీ నుదుటి పట్టీయే. వాళ్ల దగ్గర నేర్చుకుని, తోలు వ్యాపారం కోసం పడవలు నడిపిన ఫ్రెంచి కెనడా కూలీలు కూడా అదే కట్టారు. ఒక్కో మూట 90 పౌన్లు, అంటే దాదాపు 41 కేజీలు. మనిషికి రెండు మూటలు మామూలు. లేక్ సుపీరియర్ ఒడ్డున గ్రాండ్ పోర్టేజ్ అనే చోట జలపాతాలు తప్పించుకోవడానికి అలా పదమూడు కిలోమీటర్లకు పైగా మోసేవారు.

నుదుటి పట్టీలో కిటుకు తేలికే. బరువు మెడ ఎముక, వెన్నెముకల మీదుగా నిట్టనిలువుగా కాళ్లలోకి దిగుతుంది. 2005లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, ఎవరెస్టు దారిలో నామ్చే సంతకు సరుకు మోసే నేపాలీ కూలీలను తూచి చూసింది. మగవాళ్లు సగటున తమ ఒంటి బరువులో 93 శాతం, ఆడవాళ్లు 66 శాతం మోస్తున్నారు. అదీ మెల్లగా, తరచూ ఆగుతూ, చేతిలోని టీ ఆకారపు కర్రను బుట్ట కింద ఆనించి ఊపిరి తీసుకుంటూ. అయితే ఆ మెడ చిన్నప్పటి నుంచి తయారైన మెడ. శనివారం ఆఫీసు వదిలి కొండెక్కే మెడకు అది సాధ్యం కాదు. పైగా నుదుటికి పట్టీ బిగించుకున్నవాడు తల తిప్పలేడు. తల తిప్పలేని వేటగాడికి ఏ జంతువు కనబడుతుంది?

భుజాల పట్టీలకు గిరాకీ అక్కడే వచ్చింది. మినెసోటాలోని డులూత్ ఊళ్లో చెప్పుల పని చేసుకునే కామీ పొయిరియే 1882లో ఒక కాన్వాసు సంచికి పేటెంటు తీసుకున్నాడు. దానికి రెండు భుజాల పట్టీలు పెట్టాడు గానీ నుదుటి పట్టీని పీకెయ్యలేదు. కొత్తది నమ్మకపోతే పాతది ఉందన్నట్టు! పడవలో అడుగున ఇమిడే ఆ సంచి ఇప్పటికీ అదే ఊళ్లో, దాదాపు అదే రూపంలో తయారవుతోంది.

భుజంతో వచ్చిన చిక్కేమిటంటే, బరువు కూర్చోవడానికి అక్కడ చదునైన ఎముక లేదు. ఉన్నది సన్నటి కాలర్ ఎముక, దాని చుట్టూ కండ, కింద నరాలు. పది కేజీలు దాటితే నొప్పి, ఇరవై దాటితే వేళ్లు తిమ్మిరి. గోతం లాంటి సంచి వీపు మీద గుండ్రంగా ఉబ్బి, మనిషిని వెనక్కి లాగుతుంది. దాన్ని కాసుకోవడానికి మనిషి ముందుకు వంగుతాడు. వంగి వంగి నడుము పోతుంది.

నార్వేలో ఓలే బెర్గన్ అనే ఆయనకు ఈ బాధ వేటలోనే తెలిసొచ్చింది. 1908లో వేట సామాను సంచి వీపుకు గుచ్చుకుంటుంటే విసిగి, జునిపర్ కొమ్మ ఒకటి నరికి, తన వీపు వంపుకు తగ్గట్టు వంచి, దానికి సంచిని బిగించాడని చెబుతారు. మరుసటి ఏడాది పేటెంటు తీసుకున్నాడు. తర్వాత కొమ్మ పోయి ఉక్కు గొట్టం వచ్చింది. వీపుకూ సంచికీ మధ్య గాలి ఆడే సందు వచ్చింది. బ్రిటిష్ సైనికులు నేటికీ తమ పెద్ద సంచిని ఆయన పేరుతోనే బెర్గన్ అంటారు.

అట్లాంటిక్‌కు అవతల ఇదే కథ మరోలా నడిచింది. సియాటిల్ ప్రాంతంవాడు లాయిడ్ నెల్సన్ 1920లో అలాస్కా వెళ్లి, అక్కడి ఆదివాసుల దగ్గర ఒక సంచి అరువు తీసుకున్నాడు. విల్లో కర్రల మీద సీల్ చర్మం లాగి కట్టినది. మోసినప్పుడు ఒళ్లు హూనమైంది. కానీ అందులోని ఆలోచన బుర్రకెక్కింది. ఇంటికొచ్చి, చెక్క చట్రం మీద కాన్వాసు గుడ్డను బిగుతుగా లాగి కట్టాడు. ఆ గుడ్డే వీపును తాకుతుంది, చెక్క తాకదు. 1924లో పేటెంటు వచ్చింది. ట్రాపర్ నెల్సన్ అనే పేరుతో అది అటవీ శాఖ ఉద్యోగుల వీపులకూ, వేటగాళ్ల వీపులకూ ఎక్కింది.

నెల్సన్ చేసిన పనుల్లో వేటగాడికి పనికొచ్చింది ఇంకొకటుంది. ఆయన సంచిని చట్రానికి కుట్టెయ్యలేదు, సన్నటి ఉక్కు కడ్డీలతో తగిలించాడు. కడ్డీ లాగితే సంచి ఊడి వస్తుంది. మిగిలిన ఉత్త చట్రానికి కట్టెలు కట్టొచ్చు, డబ్బా కట్టొచ్చు, జింక తొడ కట్టొచ్చు. సంచి వేరు, మోసే చట్రం వేరు అన్న ఈ విడదీత దగ్గరే వేట సంచీ, యాత్ర సంచీ దారులు చీలాయని నేననుకుంటాను. నూరేళ్లయినా ఇవాళ వేటగాడికి అమ్మే ఖరీదైన సంచిలో మూల సూత్రం అదే. చెక్క పోయి కార్బన్ ఫైబర్ వచ్చింది, అంతే.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి ప్లైవుడ్ చట్రాలు వచ్చాయి, 1973లో అలిస్ అనే అల్యూమినియం చట్రపు సంచి వచ్చింది. యుద్ధాలు ముగిశాక అవన్నీ మిగులు సరుకు దుకాణాలకు చేరి, చేతిలో డబ్బు ఆడని వేటగాళ్లను కొన్ని తరాలు పోషించాయి. అలిస్ చట్రాలు ఇంకా అడవుల్లో కనిపిస్తాయి. అది మోస్తున్నవాణ్ని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు, మొహంలో చిరునవ్వు ఉండదు.

అసలు మలుపు కాలిఫోర్నియాలో వచ్చింది. డిక్ కెల్టీ వడ్రంగం తెలిసినవాడు, యుద్ధకాలంలో విమానాల ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. 1950ల మొదట్లో స్నేహితుడితో కలిసి సియెరా నెవాడా కొండల్లో నడుస్తున్నప్పుడు, భుజాల బాధ పడలేక ఫ్రేమ్ కింది కొసల్ని ప్యాంటు వెనక జేబుల్లోకి దోపి చూశారు. ఒక్కసారిగా భుజాలు తేలికైపోయాయి. బరువంతా తుంటి మీదకు దిగింది. ఇంటికొచ్చి అల్యూమినియం గొట్టాలు వంచి ఫ్రేమ్ చేశాడు, దానికి నడుము పట్టీ బిగించాడు. సంచులు భార్య నీనా ఇంట్లోనే నైలాన్ గుడ్డతో కుట్టింది. 1952లో వ్యాపారం మొదలు. మొదటి ఏడాది అమ్ముడైనవి 29, ఒక్కోటి 24 డాలర్లు. పదకొండేళ్లు తిరిగేసరికి, 1963లో ఎవరెస్టుకు వెళ్లిన అమెరికన్ బృందం వీపుల మీద కెల్టీ ఫ్రేములున్నాయి. ఆ ఏడాది మే 1న జిమ్ విట్టేకర్, నవాంగ్ గోంబు శిఖరం ఎక్కారు.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు బావి గట్టు గుర్తొస్తుంది. నీళ్ల బిందెను మన ఆడవాళ్లు నెత్తినన్నా పెట్టుకుంటారు, నడుము మీదన్నా ఆనించుకుంటారు. నడుము మీద అంటే ఎక్కడ? సరిగ్గా తుంటి ఎముక పైఅంచు మీద. చంటిపిల్లను ఎత్తుకునేదీ అక్కడే. ఒంట్లో బరువు కూర్చోవడానికి దేవుడు పెట్టిన అరుగు అదొక్కటేనని తెలిసిన వాళ్లకు ఎవరూ పేటెంటు ఇవ్వలేదు. కెల్టీ గొప్పతనాన్ని తక్కువ చెయ్యడం లేదు. రెండు చేతులూ ఖాళీగా ఉంచి, బరువును రెండు తుంటి ఎముకలకూ సమంగా పంచడం ఆయన చేసిన పని. ఇవాళ బాగా అమరిన సంచిలో బరువులో ఎక్కువ భాగం నడుము పట్టీదే. భుజాల పట్టీలు సంచి వెనక్కి పడకుండా పట్టుకోవడానికి.

1967లో యూటాకు చెందిన గ్రెగ్ లోవ్ ఫ్రేమును సంచి లోపలికి దాచేశాడు. బయటి గొట్టాలు పోయి, వీపును అంటిపెట్టుకుని కదిలే సంచి వచ్చింది. రాళ్లు పట్టుకుని ఎక్కేవాళ్లకు, మంచు మీద స్కీలతో జారేవాళ్లకు అది వరం. అదే ఏడాది సియాటిల్లో జాన్‌స్పోర్ట్ పుట్టింది. మన పిల్లల బడి సంచులకు అదీ ఒక తాతే, కాకపోతే ఆ వంశంలోకి నడుము పట్టీ మాత్రం దిగిరాలేదు. చూస్తూండగా కొండలెక్కే వాళ్లంతా లోపలి ఫ్రేముకు మారిపోయారు. 1992లో దూర నడకల మీద రే జార్డిన్ పుస్తకం వచ్చాక తేలిక ఉద్యమం మొదలైంది. తిండీ నీళ్లూ కాకుండా సామాను మొత్తం నాలుగున్నర కేజీలు దాటకూడదు అన్నంత దూరం వెళ్లింది. ఫ్రేమే లేని, కేజీ కూడా తూగని సంచులొచ్చాయి.

వేటగాడు ఆ ఊరేగింపులో వెనకబడ్డాడు. మొండితనంతో కాదు. లోపలి ఫ్రేము సంచి కట్టుబడి, లోపల పెట్టిన సామానుకే. 40 కేజీల పచ్చి మాంసాన్ని పడక సంచి పక్కన కుక్కితే రెండూ పాడే. మాంసం వేడెక్కి చెడుతుంది, పడక నెత్తుటితో తడుస్తుంది. అందుకని వాళ్లు అడుగున ఎల్ ఆకారపు అరుగున్న పాత అల్యూమినియం ఫ్రేములనే పట్టుకు వేలాడారు. అలాంటి ఫ్రేము బరువు బాగా మోస్తుంది గానీ నడిచేటప్పుడు కిర్రుమంటుంది, కొమ్మలకు తగులుకుంటుంది. చప్పుడు చేసే సంచి వేసుకుని జింకను సమీపించడమంటే గజ్జెలు కట్టుకుని దొంగతనానికి వెళ్లడమే.

ఇక చట్టాలు. 1964లో అమెరికా తెచ్చిన వైల్డర్‌నెస్ చట్టం మొదట 91 లక్షల ఎకరాలను మోటారు బండ్లకు అందకుండా కట్టేసింది, ఇప్పుడది 11 కోట్ల ఎకరాలు దాటింది. అక్కడ గుర్రం లేనివాడికి వీపే బండి. అలాస్కాలో చంపిన మూస్ అనే భారీ దుప్పి మాంసంలో తినదగినదేదీ వదిలి రాకూడదు. మాంసం మొత్తం మోసుకొచ్చాకే కొమ్ములు తేవాలి, ముందు తెస్తే నేరం. అక్కడి మూస్ ఒక్కదాని నుంచి రెండు వందల కేజీలకు పైగా మాంసం వస్తుంది. ఈ లెక్క తెలిసినవాడు నీళ్లగుంట మధ్యలో నిలబడ్డ మూస్ వైపు తుపాకీ ఎత్తే ముందు తన సంచిని తలచుకుంటాడు. తలచుకోవాలి కూడా.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో షికారు ముచ్చటకు కళ్లెం పడింది, మంచిదే అయింది. అయినా అమెరికాలో ఉంటున్న మనవాళ్లు సెలవుల్లో అవే కాలిబాటలు పట్టి, అవే దుకాణాల్లో సంచులు కొంటున్నారు కాబట్టి, ఈ వేట సంచి ఇప్పుడెక్కడికి వచ్చిందో తెలుసుకోవడం వాళ్లకూ పనికొచ్చేదే.

వచ్చింది మోంటానాలోని బోజ్‌మన్ అనే ఊరికి. అక్కడ డానా గ్లీసన్ 1975లో సంచులు కుట్టడం మొదలుపెట్టాడు. క్లెటర్‌వెర్క్స్, తర్వాత 1985లో డానా డిజైన్, ఆ తర్వాత 2000లో రెనీ సిప్పెల్ బేకర్‌తో కలిసి మిస్టరీ రాంచ్. అడవి మంటలార్పేవాళ్లకూ సైనికులకూ చేసిన సంచుల అనుభవం వేట సంచిలోకి దిగింది. సంచినీ ఫ్రేమునూ కలిపే బకిల్స్ వదులు చేస్తే రెంటి మధ్యా సందు తెరుచుకుంటుంది. మాంసం మూట ఆ సందులో, వీపుకు ఆనుకుని కూర్చుంటుంది. సామాను సంచి దాని వెనక బయటికి జరుగుతుంది. వెళ్లేటప్పుడు సన్నగా, వచ్చేటప్పుడు లావుగా. నెల్సన్ ఊడదీసిన సంచినీ, లోవ్ వీపుకు అంటించిన సంచినీ ఒకే ఫ్రేము మీద రాజీ కుదిర్చారన్నమాట. స్టోన్ గ్లేసియర్, కిఫారు, ఎక్సో లాంటి కంపెనీలు అదే దారిలో కార్బన్, టైటానియం ఫ్రేములు తెచ్చాయి.

ఇప్పుడు దుకాణానికి వెళ్దాం. అక్కడి సేల్స్‌మన్ మొదట లీటర్లు అడుగుతాడు. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేదానికి 30–40, ఒకటి రెండు రాత్రులకు 50–65, నాలుగైదు రోజుల చలికాలపు వేటకు 80 నుంచి 100. చెప్పనివ్వండి, కానీ అక్కడే తేల్చెయ్యకండి. వేట ఫ్రేముకు సంచులు మారుతుంటాయి, ఒకే ఫ్రేము మీద చిన్నదీ పెద్దదీ తగిలించొచ్చు. కాబట్టి డబ్బు ముందు ఫ్రేము మీద పెట్టాలి. ఆ ఫ్రేము మీ వీపుది అవునో కాదో తెలియాలంటే తల వంచండి. మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక దగ్గర నుంచి, తుంటి పైఅంచుల మధ్య గీత గీస్తే అది వెన్నెముకను దాటే చోటు వరకు టేపు పెట్టండి. పెద్దవాళ్లలో అది సుమారు 40 నుంచి 55 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. ఆరడుగుల మనిషికి పొట్టి వీపు ఉండొచ్చు. ఎత్తు చూసి సైజు ఇచ్చే దుకాణంలో కొనొద్దు.

తర్వాత బరువు వెయ్యమనండి. ఇసుక మూటో, మరోటో. ఇంట్లో అయితే మన 25 కేజీల బియ్యం బస్తా ఉండనే ఉంది. దాన్ని ఫ్రేముకూ సంచికీ మధ్య సందులో, అడుగుకు జారిపోకుండా, భుజం రెక్కల మధ్యకు వచ్చేలా వీపుకు దగ్గరగా బిగించి నాలుగు అంతస్తులు ఎక్కి దిగండి. నడుము పట్టీ తుంటి మీద నుంచి కిందికి జారుతోందా, అది మీది కాదు. భుజాల మీదుగా పైకి పోయే చిన్న పట్టీలు లాగితే బరువు ముందుకు రావాలి. ఫ్రేము భుజాల కన్నా ఎత్తుగా లేకపోతే అవి అలంకారమే. ఖాళీ సంచి ఒక కేజీ ఎక్కువ తూగుతోందని బెంగ పడకండి. తేలిక ఉద్యమం సంచి మీద ఆదా చేసిన ఆ కేజీని 40 కేజీల మూట దిగువలో మోకాళ్ల దగ్గర వడ్డీతో వసూలు చేస్తుంది.

గుడ్డను గోటితో గీకి చూడండి. బరబరమంటే వద్దు. వెల్క్రో అసలొద్దు. లోపలి వైపు నెత్తురు కడిగితే పోవాలి. వాసన మిగిలితే ఎలుగుబంటికి అది ఆహ్వాన పత్రిక. తుపాకీ సీజన్లో నారింజ రంగు వేసుకోవాలని చాలా రాష్ట్రాల్లో నిబంధన. చొక్కా మీద రంగుంటే సరిపోదు, దాన్ని వీపున సంచి కప్పేస్తుంది. సంచికీ ఒక నారింజ గుడ్డ కట్టుకోవాలి, ముఖ్యంగా కొమ్ములు పైకి కట్టి పొదల మధ్య నడిచేటప్పుడు.

2024లో మిస్టరీ రాంచ్‌ను యెటి కంపెనీ కొనేసింది. యెటి పేరు తెచ్చుకుంది ఐస్ పెట్టెలతో. కొండ దిగొచ్చిన వేటగాడు, ట్రక్కు వెనక తలుపు తీసి, వీపు మీది మూట విప్పి పెట్టేది ఆ పెట్టెల్లోనే.